అడవి, ఎకరం నాలుగు లక్షల అరవై వేలు

మా వికారాబాద్ జిల్లా దామగుండం అడవి లెక్క మీరూ చూసే ఉంటారు. 2,900 ఎకరాల రిజర్వు అడవి నౌకాదళానికి, బదులుగా క్యాంపా అనే అడవి పరిహార నిధి ఖాతాకు 133.54 కోట్లు. లెక్కల్లో నేను మొద్దునే, అయినా కాగితం తీసి భాగించాను. ఎకరం సుమారు 4 లక్షల 60 వేలు. మా బామ్మర్ది బొంరాస్‌పేట చుట్టూ ఎకరం పొలం కోసం ఏడాదిగా చెప్పులరిగేలా తిరుగుతున్నాడు. పాపం, అడవిని బేరమాడాలని తోచలేదు. పక్కనే లగచర్లలో సర్కారు సేకరించబోతే రైతు వద్దు మొర్రో అన్న భూమికి ఎకరానికి 20 లక్షలిస్తామన్నారు. అడవికి వద్దనే నోరు లేదు కాబట్టి అందులో పావలా వంతు కూడా పలకలేదు.

ప్రకృతికి 'ఆర్థిక విలువ' కట్టాలని ఈ మధ్య అందరూ అంటుంటే నేనూ మురిశాను. విలువ తెలిస్తే కాపాడతారనుకున్నా. తీరా చూస్తే అది బిల్లు రాయడానికట.

సరే, ఆ బిల్లే చూద్దాం. సీతాఫలాల కాలంలో మా బస్టాండు దగ్గర ఒకామె గంప దించుతుంది. కండ్లు తెరిచినవి పైన, గట్టివి అడుగున గడ్డిలో.

"ఏడికెల్లి తెచ్చినవ్ అక్కా?"

"గుట్టకెల్లి."

ఆ గుట్టకు కౌలు లేదు, యూరియా లేదు, కరెంటు బిల్లు లేదు. ఆమె సీజను సంపాదన ఏ ఖానాలో వేశారు సారూ? మోదుగాకులు ఏరి విస్తళ్లు కుట్టే ముసలమ్మది? మేకలు తోలుకుపోయే పిల్లగాడిది? వాననీటిని పట్టి, మెల్లగా ఊరి బావుల్లోకి దించే ఆ ఎర్రమన్నుది?

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. అనంతగిరిలో పుట్టే మూసీని కింద హైదరాబాద్‌లో బాగుచేయడానికి వేల కోట్ల మాటలు చెబుతూ, పైన దానికి నీళ్లు పట్టే అడవిని 133 కోట్లకు తెగ్గొట్టడం ఏ బడిలో నేర్చిన లెక్క? 2024 అక్టోబర్ 15న శంకుస్థాపనకు రక్షణ మంత్రి వచ్చారు, మా కొడంగల్ ఎమ్మెల్యే అయిన ముఖ్యమంత్రీ వచ్చారు. సముద్రం మొహం చూడని జిల్లాలో జలాంతర్గాములతో మాట్లాడే స్టేషన్. కట్టుకోండి, దేశరక్షణ. కానీ ఆ చీటీని మాత్రం 'విలువ' అనకండి.

పోయిన చెట్లకు బదులు మొక్కలు నాటుతారట. నలభై ఏళ్ల చెట్టుకు మూరెడు మొక్క!

అసలు పోయేవి ఎన్ని? అధికారులు 1.93 లక్షల చెట్లన్నారు, ఉద్యమకారులు 12 లక్షలన్నారు. మధ్యలో పది లక్షల చెట్లు ఎటు పోయాయో ముందు తేల్చండి. రేటు సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.