బ్యాటరీ పేలితే బ్రేకింగ్, మనిషి పోతే స్క్రోలింగ్

ఎక్కడో ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ అంటుకుంది. చాలు. న్యూస్ చానెళ్లకు ఆ పూట పండగే. తెర నిండా మంటలు. అసలు మంట చాలదని పైన గ్రాఫిక్స్ మంట. గుండెలదిరే మ్యూజిక్. ‘మీ ఇంట్లో ఉన్నది స్కూటరా? టైం బాంబా?’ అంటూ యాంకర్ కళ్లు పెద్దవి చేస్తారు. ‘ఈవీ కొనొచ్చా, కొనకూడదా? చిన్న బ్రేక్ తర్వాత చూద్దాం.’ బ్రేక్‌లో ఏమొస్తుంది? ఈవీ స్కూటర్ యాడే!

మరి ఆ రోజు రోడ్ల మీద పోయినవాళ్ల మాటేమిటి? 2023లో దేశవ్యాప్తంగా 1.72 లక్షల మందికి పైగా పోయారు. కేంద్ర ప్రభుత్వం లెక్కే ఇది. రోజుకు 470 మంది. వాళ్లకు దక్కేది తెర అడుగున పరుగెత్తే స్క్రోలింగ్. పేపర్లో అయితే జిల్లా పేజీ, సింగిల్ కాలమ్. డబ్బు కట్టి వేయించుకున్న శ్రద్ధాంజలి ప్రకటనైనా అంతకన్నా పెద్దగా ఉంటుంది.

శీర్షికలు ఎప్పుడూ రెడీమేడే. ‘రక్తసిక్తమైన రహదారి’. ‘కారు బీభత్సం’. కారు బీభత్సమట! కారే మందు కొట్టిందా? కారే స్టీరింగ్ మీద రీల్స్ చూసిందా? నడిపింది పెద్దింటి అబ్బాయైతే మాత్రం తప్పు కచ్చితంగా కారుదే. ఇక ‘విధి వక్రించింది’ అనేది సర్వరోగ నివారిణి. ఏ విధి నాయనా? మలుపులో బోర్డు పెట్టని ఇంజినీరు విధా? రాత్రంతా లైట్లు లేకుండా లారీని రోడ్డు మీదే వదిలేసినవాడి విధా? ‘అతివేగమే కారణమని పోలీసులు తెలిపారు.’ తెలిపారు, రాసుకున్నారు, ఖేల్ ఖతం.

సరే, బ్యాటరీల సంగతికే వద్దాం. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ పేలి ఎనభై ఏళ్ల పెద్దాయన చనిపోయారు. రోజుల తేడాలో విజయవాడలోనూ అంతే. ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒక గృహస్థు పోయాడు. చానెళ్లు ఏం చెప్పాయి? ‘ఓ ప్రముఖ కంపెనీకి చెందిన స్కూటర్.’ ఆ ప్రముఖులెవరో చెప్పడానికి నోరు రాదు. కంపెనీ లోగోకు మసక వేస్తారు. ఏడుస్తున్న ఇల్లాలి ముఖానికి ఎందుకు వేయరు? ఆమె యాడ్ ఇవ్వదు కదా!

ఆ నెలలోనే ఓలా 1,441, ఒకినావా 3,215, ప్యూర్ ఈవీ 2,000 బళ్లను వెనక్కి పిలిచాయి. నిర్లక్ష్యం తేలితే భారీ జరిమానా అని కేంద్ర మంత్రి గడ్కరీ హెచ్చరించారు. హెచ్చరిక బ్రేకింగ్ న్యూసైంది. జరిమానా ఎవరికి పడిందో, ఎంత పడిందో మీరెప్పుడైనా మీ చానెల్లో చూశారా? నిపుణుల కమిటీ కూర్చుంది. బ్యాటరీ భద్రత నిబంధనలు బిగించి డిసెంబరు నుంచి దశలవారీగా అమల్లోకి తెచ్చారు. సెల్లు వేడెక్కి ఒకదాన్నించి ఇంకోదానికి మంట పాకకుండా ఏం చేయాలో అందులో ఉంది. జనానికి కావలసిన వార్త అదే. అది ఏ పేజీలో వచ్చింది? బండి ఆపగానే చార్జింగ్ పెట్టొద్దని, పడగ్గదిలో, మెట్ల కింద పెట్టొద్దని, దొరికిన చార్జరల్లా గుచ్చొద్దని చెప్పడానికి అర నిమిషం పట్టదు. కానీ ఆ అర నిమిషానికి టీఆర్పీ రాదు.

ఇక సికింద్రాబాద్. 2022 సెప్టెంబరు 12. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి. రాత్రిపూట మంటలు. ఎనిమిది మంది పోయారు. చాలామంది కాలి పోలేదు, పొగకు ఊపిరాడక పోయారు. ఎక్కడానికీ దిగడానికీ ఒకటే మెట్లదారి. చానెళ్లు వారం పాటు బ్యాటరీని బోనెక్కించాయి. ఆ మెట్లను ఎవరూ బోనెక్కించలేదు. నాలుగు నెలలు తిరిగేసరికి అదే సికింద్రాబాద్‌లో డెక్కన్ మాల్ తగలబడింది. ముగ్గురు కార్మికులు. మరో రెండు నెలలకు స్వప్నలోక్ కాంప్లెక్స్. ఆరుగురు. అక్కడ ఈవీ షోరూం లేదు. పొగ మాత్రం బాగానే వచ్చింది. ‘కాంప్లెక్సులు కొనొచ్చా, కొనకూడదా’ అని ఎవరైనా చర్చ పెట్టారా? పెడితే రియల్ ఎస్టేట్ యాడ్ ఎవరిస్తారు?

ఆ లాడ్జి మంటకు ఎనిమిది రోజుల ముందు పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న బెంజి వంతెన గోడను గుద్దింది. ఆయన వెనక సీట్లో ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదు. పెద్దమనిషి పోయేసరికి దేశం మొత్తానికి వెనక సీటు బెల్టు గుర్తొచ్చింది. నిబంధన అంతకుముందే ఉంది మరి! గుర్తు చేయడానికి కోటీశ్వరుడు కావలసి వచ్చాడు. ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి అన్నారు. 2022 అక్టోబరు 1 అన్నారు. 2023 అక్టోబరు 1కి జరిపారు. ఆ తేదీ ముంచుకొచ్చాక ‘తప్పనిసరేం కాదులే’ అనేశారు. ప్రకటించినప్పుడు బ్యానర్. వెనక్కి తీసుకున్నప్పుడు బిజినెస్ పేజీ మూల.

మొన్న 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర చిన్నటేకూరు. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు రోడ్డు మీద పడి ఉన్న బైకును ఈడ్చుకెళ్లింది. బైకు పెట్రోలుది. బస్సు డీజిల్‌ది. పందొమ్మిది మంది ప్రయాణికులు కాలిపోయారు. ‘పెట్రోలు బళ్లు కొనొచ్చా’ అని అడిగారా? ఛ! లగేజీలో రెండు వందలకు పైగా స్మార్ట్‌ఫోన్లు దొరికాయి. హమ్మయ్య, బ్యాటరీ దొరికింది! మంటను పెంచిన పాపం వాటికి ఉండొచ్చు. సీట్ల బస్సును స్లీపర్‌గా మార్చినవాడి సంగతి? తిరిగేది ఇక్కడ, కాగితాలు బయటి రాష్ట్రంలో ఎందుకని?

అదే హైదరాబాద్–బెంగళూరు దారిలో 2013 అక్టోబరులో పాలెం దగ్గర వోల్వో బస్సు కల్వర్టును తాకి తగలబడి 45 మంది పోయారు. అప్పుడూ ఇవే ప్రశ్నలు, ఇవే తనిఖీలు. పన్నెండేళ్ల తర్వాత కర్నూలుకూ అంతే. రవాణా అధికారులు రాత్రికి రాత్రి హైవే ఎక్కారు. కెమెరాలు వెంట ఎక్కాయి. కేసులు రాశారు, బస్సులు సీజ్ చేశారు, అద్దాలు పగలగొట్టే సుత్తి ఉందా అని డ్రైవర్లను నిలదీశారు. సుత్తి కోసం డ్రైవర్‌ను అడగొచ్చు. ఆ బండికి ఫిట్‌నెస్ ఇచ్చిన సంతకం ఎవరిదో అధికారిని అడిగిన మైకు ఒక్కటి చూపించండి. పండగ రద్దీ రాగానే తనిఖీల ఊసు పోతుంది, టికెట్టు మూడింతలవుతుంది, అవే మైకులు బస్టాండుకు వెళ్లి ‘ఊరెళ్తున్నారా అండీ, ఎలా ఫీలవుతున్నారు?’ అని అడుగుతాయి.