జమైకా రాజలాంఛనానికి జేజేలు

కరీబియన్ సముద్ర మధ్యాన వెలసిన ఓ జమైకా రాజలాంఛనమా, ద్వీపకుల తిలకమా, జయము జయము! 1655లో స్పెయిన్ చేతుల్లోంచి ఆ దీవిని అందిపుచ్చుకున్న ఇంగ్లండు, ఆరేళ్లు నిండీ నిండకముందే, 1661లో నిన్ను ప్రసాదించింది. నేల తడి ఆరకముందే ముద్ర వేయించిన ఆ ప్రభువుల శ్రద్ధ, వాత్సల్యం వర్ణించ మాటలు చాలవు.

తెల్లని నీ డాలు మీద సెయింట్ జార్జి ఎర్రని శిలువ, ఆ శిలువ మీద అయిదు బంగారు అనాసపండ్లు! ఏలినవారి శిలువకు ఏలబడినవారి పండ్లను పొదిగిన ఔచిత్యం ఏ అలంకారికుడికి తట్టింది? ద్వీపం సిరి అంతా చెరకు తోటల్లో పండినా, అంత మోటు మొక్కను, దాన్ని నరికిన నల్లని చేతులను చూస్తే సభ్యుల కళ్లు కందిపోతాయని, ఒక్క చెరకు గడనైనా దరిచేరనివ్వని నీ సౌకుమార్యం అనన్యసామాన్యం.

నీకు అటూ ఇటూ నిలిచిన, ఆ దీవి ఆదివాసులైన టైనో స్త్రీపురుషుల సొగసు మరీ గొప్పది. 1494లో కొలంబస్ కాలు మోపిన తరువాత, స్పెయిన్ వారి సాంగత్య సౌభాగ్యంలో ఆ జాతి దాదాపుగా కరిగిపోయింది. ఉన్నన్నాళ్లూ జానెడు నేల దక్కనివారికి, లేకుండా పోయాక శాశ్వత కొలువిచ్చిన నీ కృతజ్ఞతకు సాటి ఏది? ఆమె పండ్ల బుట్ట పట్టుకుంటుంది గానీ కూలి అడగదు. అతను విల్లు పట్టుకుంటాడు గానీ బాణం వేయడు. ద్వారపాలకుల ఎంపికలో ఇంతటి వివేకం ఏ కోట చూసింది!

నేడు ఆ దేశంలో పదిమందిలో తొమ్మిదిమంది ఆఫ్రికా సంతతివారు. నిన్ను అనుగ్రహించిన ఇంగ్లండు రాజు రెండో చార్లెసే 1663 నాటి పట్టాలో ఆఫ్రికా మనుషుల వర్తకాన్ని కూడా తన కంపెనీకి ధారపోశాడు. అలా ఓడల్లో వచ్చినవారి ముఖం నీ మీద ఒక్కటీ లేదు. నీ శిరస్సున, దుంగ మీద, ఒక మొసలి ఉంది. తరతరాలు చెమటోడ్చినవారిని కాదని ఎండ కాచుకునే ప్రాణికి అగ్రపీఠం వేసిన నీ సమదృష్టికి వందనాలు.

ఇక నీ పాదాల చెంతనున్న తొలినాటి లాటిన్ వాక్యం! తూర్పు ఇండియా, పడమటి ఇండియా రెండూ ఒక్కరికే ఊడిగం చేస్తాయని అందులో సెలవిచ్చావు. అప్పటికి ఆ ఒక్కరికీ మన వైపున ఉన్నవి, 1611లో మచిలీపట్నంలో పెట్టుకున్నటువంటి కొద్దిపాటి వర్తకస్థావరాలే. అయినా నీ వాక్కు పొల్లు పోలేదు. 1838లో బానిసలు పూర్తిగా విడుదలై తోటల్లో చేతులు కరువైతే, 1845లో ఒక ఓడ ఓల్డ్ హార్బర్ బేలో భారతీయ కూలీలను దింపింది. 1917 వరకు అలా వెళ్లినవారు సుమారు 36 వేలమంది. తూర్పు నడుము పడమటి పొలంలో వంగింది. వీరబ్రహ్మంగారి కాలజ్ఞానానికి మేము అర్థాలు వెతుక్కుంటాం. నీ జోస్యానికి ఆ శ్రమ కూడా లేదు.

1962 ఆగస్టు 6న స్వాతంత్ర్యం వచ్చింది. నీవు ఎంతగా మారావు! లాటిన్ ఊడిగం వాక్యం పోయి, అనేకులలోంచి ఒకే ప్రజ అన్న ఇంగ్లీషు వాక్యం వచ్చింది. ఆ అనేకులు కింద అక్షరాల్లో ఉంటే చాలదా, పైన బొమ్మలో కనిపించాలా? డాలు అదే, శిలువ అదే, మొసలి అదే. రాజుకే చెల్లే శిరస్త్రాణం ఈ దీవికి దక్కిన విశేష మర్యాద గనుక, దాన్ని దించకుండా స్వతంత్రించిన నీ వినయం కొత్త దేశాలన్నిటికీ పాఠ్యాంశం కావాలి.

2024 డిసెంబరులో, రాజు స్థానంలో అధ్యక్షుణ్ణి నిలిపే బిల్లు జమైకా పార్లమెంటు ముందుకు వచ్చింది. అప్పటికి ఆ దేశానికీ రాజు బ్రిటన్ రాజైన మూడో చార్లెసే. రెండో చార్లెస్ నాడు తొడిగిన శిరస్త్రాణం మూడో చార్లెస్ దాకా ఇసుమంతైనా వదులు కాలేదు. ఇన్ని శతాబ్దాలు, ఇన్ని తరాల తలలు మారినా ఒకే కొలతకు బిగిసి ఉన్న ఆ పనితనానికి సాష్టాంగ నమస్కారం.