వైర్‌లెస్‌లో ఎవరికీ దొరక్కుండా ఉండే చిట్కాలు

గిలకలదిండి నుంచి వేటకు వెళ్లే మీ మరబోటులో వీహెచ్ఎఫ్ సెట్ ఉంది. బోటు నంబరులో ఇంగ్లిష్ అక్షరాలున్నాయి. గాలి హోరులో బి, డి, పి, టి ఒక్కలాగే వినపడతాయి కాబట్టి ఆల్ఫా, బ్రావో, చార్లీ అంటూ 26 మాటలు నేర్చుకోమంటారు. అంత శ్రమ మీకెందుకు?

1. ముందు సాకు సిద్ధం చేసుకోండి. ఆ మాటలను ఇంగ్లిష్, ఫ్రెంచ్, స్పానిష్ వాళ్ల చేత పలికించి చూసి 1956 మార్చి 1 నుంచి అమల్లోకి తెచ్చారు. బందరు వాళ్లనెవరూ అడగలేదు. పిలవని పేరంటానికి మనం వెళ్లం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు ఖాళీయే కదా అని ఎవరైనా అంటే వలలు కుట్టుకోవాలని చెప్పండి. వలలు కుట్టమంటే అక్షరాలు నేర్చుకోవాలని చెప్పండి.

2. మన ఊళ్ల పేర్లే వాడండి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. "వి ఫర్ ఉయ్యూరు" అనండి. ఇంగ్లిష్ బోర్డు మీద ఆ ఊరికి మొదటి అక్షరం వి యే, మీ తప్పు లేదు. వినేవాడు మాత్రం యు రాసుకుంటాడు. "ఈ ఫర్ ఏలూరు" అంటే ఏ రాసుకుంటాడు. రెండక్షరాలతో మీ బోటు ఇంకొకరి బోటైపోయింది! పొద్దున "ఎమ్ ఫర్ మచిలీపట్నం" అన్నారా, సాయంత్రం "ఎమ్ ఫర్ బందరు" అనండి. ఊరొకటే కదా. ఒడ్డు నుంచి చేపల లెక్క అడిగే షావుకారుకు మీరెవరో తేలేసరికి పొద్దుగూకుతుంది.

3. అంకెలు విడివిడిగా పలకొద్దు. దివిసీమ దిగువన సముద్రంలో 15 డిగ్రీల 50 నిమిషాల అక్షాంశం మీద ఉన్నారనుకోండి. "వన్ ఫైవ్, ఫైవ్ జీరో" అనకుండా గబగబా "ఫిఫ్టీన్ ఫిఫ్టీ" అనేయండి. రెండోది కూడా ఫిఫ్టీన్ అని వినపడితే తేడా 35 నిమిషాలు, అంటే 35 నాటికల్ మైళ్లు, దాదాపు 65 కిలోమీటర్లు. వెతికేవాళ్లు అంత దూరం దక్షిణాన తిరుగుతారు. మీరు కునుకు తీయొచ్చు.

4. మీట నొక్కిపట్టే ఉంచండి. నొక్కినంతసేపూ అవతలివాళ్ల మాట మీకు వినపడదు. 16వ ఛానెల్ ఆపద పిలుపులకట. సినిమా కబుర్లు అందులోనే చెప్పండి, అందరూ వింటారు.

5. పెద్దవాళ్లు 1977 నవంబరు 19 ఉప్పెన సంగతి ఎత్తి, కబురు అందడం ఎంత అవసరమో చెప్పబోతే, అప్పుడు సెల్‌ఫోన్లు లేవని కొట్టిపారేయండి. నడిసముద్రంలో సిగ్నల్ ఉండదుగా అంటే, ఫోను పలకనందుకు సాకు కూడా దొరికిందని సంతోషించండి.

6. బోటు మునుగుతున్నప్పుడు మేడే అని మూడుసార్లు, బోటు పేరు మూడుసార్లు చెప్పాలంటారు. మీరు ఒక్కసారి "ఒరేయ్, నేనేరా" అనండి. గొంతు గుర్తుపట్టలేనివాడు మనవాడే కాదు.

ఇవన్నీ పాటించిన బోటును తీరరక్షక దళం కూడా కనిపెట్టలేదు. ఈ కాగితం సెట్ పక్కనే అంటించుకోండి, మీ కలాసీలకు కూడా చదివి వినిపించండి.