ఒక్కడే దొడ్డికి పోతడా సారూ?

పెద్దకొడప్‌గల్‌లో పక్షవాతం వచ్చిన మనిషికి ప్రాణం దక్కిందనుకోండి. ఇక లేపి నడిపించాలి. ఎక్కడికి తీసుకుపోవాలి? ఊరి మీదుగా నాందేడ్ హైవే ఉంది. అటు పోతే మహారాష్ట్ర, ఇటు తిరిగితే బాన్సువాడ, నిజామాబాద్, ఇంకా ముందుకు పోతే హైదరాబాద్. సలహాలకు కరువు లేదు. ఆర్‌ఎంపీ ఒక పేరు చెప్తాడు, అంబులెన్సు డ్రైవరు ఇంకో పేరు చెప్తాడు, ఎవరి కమీషన్ వాళ్లది. పావురం నెత్తురు పూస్తే లేచి నడుస్తాడనేవాడు ఎటూ ఉంటాడు. తేడా ఒకటే: అతను పావురం అడుగుతాడు, తక్కినవాళ్లు పంపినచోట అడ్వాన్సు అడుగుతారు.

చేరినచోట గోడ నిండా నాణ్యతే. ఎన్‌ఏబీహెచ్ ఫ్రేము, పక్కన ఐఎస్‌ఓ 9001, గూగుల్లో వచ్చిన చుక్కలు, రిబ్బను కత్తిరిస్తున్న సినిమా నటి. నటి తప్ప అన్నీ ఇంగ్లీషులోనే. ఐఎస్‌ఓ 9001 అంటే పనులు రాసుకున్న పద్ధతిలో జరుగుతున్నాయని. బోల్టుల ఫ్యాక్టరీకీ అదే ఇస్తారు. ఆస్పత్రులకిచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు అంతకన్నా బరువైనదే. మందులు తారుమారవుతున్నాయా, ఒకరి రోగం ఇంకొకరికి అంటుతోందా అని చూస్తుంది. కానీ మంచంలో ఉన్న మనిషి లేస్తాడా అంటే ఫ్రేము పలకదు.

అలాంటి గోడ కింద నిలబడి ఒక అవ్వ కౌంటరు అబ్బాయిని అడిగింది: "మా ముసలాయన ఒక్కడే దొడ్డికి పోతడా సారూ?" అబ్బాయి నవ్వి ప్యాకేజీల కాగితం ముందుకు తోశాడు. డీలక్స్ గదిలో టీవీ కూడా ఉందట.

నవ్వాడు గానీ, అవ్వ అడిగింది వైద్యశాస్త్రమే. 1965లో అమెరికాలో మహోనీ, బార్తెల్ అనేవాళ్లు ఒక కొలత ప్రచురించారు. తినడం, స్నానం, బట్టలు కట్టుకోవడం, మంచం మీంచి కుర్చీలోకి రావడం, మెట్లెక్కడం, దొడ్డికి పోవడం... మొత్తం 10 పనులు, 100 మార్కులు. యంత్రం అక్కర్లేదు, కాగితం ముక్క చాలు. ఫిజియోథెరపీ చదివినవాళ్లకు ఇది కొత్త కాదు. కేస్‌షీట్లో రాసుకునే ఆస్పత్రులూ ఉన్నాయి. గోడ మీదికి మాత్రం రాదు. ఎప్‌సెట్ ర్యాంకొస్తే ఊరంతా ఫ్లెక్సీలు కట్టే రాష్ట్రంలో మార్కులు దాచుకునే పరీక్ష ఇదొక్కటే! కష్టమైన కేసులు చేర్చుకుంటే మార్కులు తగ్గవా అంటారు. తగ్గుతాయి. అందుకే చేరిన రోజు మార్కులూ పక్కనే రాయమనేది.

సర్కారు ఊరుకోలేదు లెండి. క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద 2012లో వచ్చిన కేంద్ర నిబంధనలు రేట్ల పట్టికను స్థానిక భాషలోనూ కట్టమన్నాయి. ఎంత గుంజుతారో తెలుగులో రాయాలి. ఎంతమందిని నడిపించారో రాయమని అడగలేదు. పోనీ సర్కారే చుక్కలు వేస్తే? అమెరికా వాళ్లు 2008 నుంచి ముసలివాళ్లను చూసుకునే నర్సింగ్ హోములకు చుక్కలు వేస్తున్నారు, ఆ లెక్కల్లో కొన్ని హోములే రాసి పంపినవి. పెళ్లికొడుకు గుణం పెళ్లికొడుకునే అడిగినట్టు.

మీ ఇంటికి ఈ కష్టం వస్తే డబ్బు కట్టేముందు రెండు అంకెలు అడగండి: ఇవాళ బార్తెల్ మార్కులెన్ని, ఇంటికి పంపే రోజుకు ఎన్నవుతాయని వాళ్ల అంచనా. నీళ్లు నమిలితే అవ్వ ప్రశ్నే అడగండి, అక్కడున్న వాళ్లందరికీ వినపడేలా.