కప్పతల్లీ... ఒక్క వర్క్ ఫ్రమ్ హోమ్!

ఆ మెయిల్ మీరూ చూసే ఉంటారు. ఈ వారం అది తిరగని వాట్సాప్ గ్రూపు లేదు. భారీ వర్షమని, ఉద్యోగులను ఇంటి నుంచే పనిచేసుకోనివ్వమని సైబరాబాద్ పోలీసులు సూచిస్తే, మంగళవారం నాడు ఒక పెద్ద ఐటీ కంపెనీ అందరినీ ఇంటి దగ్గరే ఉండమంది. బుధవారం ఎండ కాసింది. ఎండతోపాటే రెండో మెయిల్ కూడా వచ్చింది. నిన్నటిది కేవలం వాతావరణ మినహాయింపు. దీన్ని ఆనవాయితీగా తీసుకోరాదు. వారానికి ఐదు రోజుల హాజరు యథాతథం. ఇంటి నుంచి పనికి అనుమతిచ్చే అధికారం మేనేజర్లకు లేదు.

మేనేజర్‌కు లేదు. ఆయన పై మేనేజర్‌కూ లేదు. పుణెలో కూర్చున్న డెలివరీ హెడ్‌కూ లేదట. మరెవరికుంది? మంగళవారం ఎవరిచ్చారో గుర్తు చేసుకోండి. వాన ఇచ్చింది.

ఈ రహస్యం నాకంటే ముందు మా మియాపూర్ అపార్ట్‌మెంట్ కుర్రాళ్లు కనిపెట్టారు. ఆ రాత్రే క్లబ్‌హౌస్‌లో వరుణ కమిటీ వెలిసింది. లీవు అడగాలంటే అర్జీ ఎవరికి పెట్టాలో తేలాక, ఎలా పెట్టాలన్నదే మిగిలింది. దానికి సలహాదారు కూడా లిఫ్టు దూరంలోనే దొరికింది. నాలుగో అంతస్తు కుర్రాడి నాయనమ్మది పాలమూరు. కరువులు చూసిన మనిషి.

"కప్పతల్లి ఆడుండ్రి. రోకలికి కప్పను కట్టి, యాపమండలు చుట్టి, ఇల్లిల్లు తిరిగితే ఆడోళ్లు బిందెలతోటి నీళ్లు పోస్తరు. తెల్లారేసరికి మబ్బు పట్టాలె" అని చెప్పి, చివర్లో ఆమెకో అనుమానం వచ్చింది. "ఇంతకీ మీ పొలమేడుంది బిడ్డా?"

"పొలం లేదు నాయనమ్మా. లాగిన్ ఉంది."

రోకలి కోసం మూడు టవర్లు వెతికారు. ఆఖరికి వైపర్ కర్రతో సరిపెట్టుకున్నారు. అసలు చిక్కు కప్ప దగ్గర వచ్చింది. దుర్గం చెరువుకు వెళ్తే తీగల వంతెన ఉంది, రంగురంగుల దీపాలున్నాయి, సెల్ఫీలు దిగే జనం ఉన్నారు, కప్ప లేదు. పాత మ్యాపు పట్టుకుని చిన్నాచితకా కుంటలన్నీ గాలించారు. మ్యాపులో కుంట ఉన్నచోట కళ్లెదుట సి-బ్లాకు ఉంది. గేటు మీద మాత్రం 'లేక్ వ్యూ' అని రాసుంది. నీళ్లుండాల్సిన చోట మనుషులుంటే నీళ్లు ఎక్కడుంటాయి? బయోడైవర్సిటీ జంక్షన్లో ఉంటాయి. కప్ప చివరికి మా సెల్లార్‌లోనే దొరికింది. అది కూడా ఇల్లు పోగొట్టుకుని ఆన్‌సైట్‌కు వచ్చినదే.

అంతటితో ఆగలేదు. వానల కోసం విరాటపర్వం చదివించడం మనకు తాతలనాటి ఆచారం కదా, ఒక శాస్త్రిగారిని మాట్లాడారు. భారతంలో ఇన్ని పర్వాలుండగా దీనికే ఐటీ కుర్రాళ్లు ఇంతగా చెవులు రిక్కించడం చూసి ఆయన మురిసిపోయారు. ఆయనకేం తెలుసు! అయిదుగురు అన్నదమ్ములు, ఆలితో సహా మారుపేర్లతో ఏడాదిపాటు ఎక్కడినుంచి పనిచేస్తున్నదీ ఎవరికీ తెలియకుండా పనిచేయడం, లొకేషన్ బయటపడితే మళ్లీ పన్నెండేళ్లు శిక్ష... "వీపీఎన్ కూడా లేని రోజుల్లో!" అని ఒకడు కన్నీళ్లు పెట్టుకున్నాడు. కీచకుడి ఘట్టం రాగానే ఇంకో అమ్మాయి ఫిర్యాదుల కమిటీ మెయిల్ ఐడీ అడిగింది.

ఎంతైనా సాఫ్ట్‌వేర్ వాళ్లు కాబట్టి, వానకు కూడా రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ రాశారు. ఆరెంజ్ అలర్ట్ ముందురోజు రాత్రి తొమ్మిదిలోపు రావాలి, లేకపోతే హెచ్‌ఆర్ చూడదు. వాన తెల్లవారుజామున ఐదుకు మొదలై క్యాబ్ బయల్దేరే వేళకు ఊపందుకోవాలి. కరెంటు పోకూడదు, వైఫై తెగకూడదు. అన్నిటికంటే ముఖ్యం, సాయంత్రం ఐదున్నరకు పడరాదు. ఐదున్నర వాన మన వాన కాదు, మేనేజ్‌మెంట్ వాన. అది పడితే ఐకియా దగ్గర ఎక్కిన ఫ్లైఓవర్ మీదే రాత్రి భోజనం వేళవుతుంది. అలాంటి వానలకు 2023 జులైలో పోలీసులే కల్పించుకుని, ఏ వీధి ఆఫీసులు ఎన్నింటికి లాగౌట్ కావాలో విడతలవారీగా టైమ్‌టేబుల్ వేసి ఇవ్వాల్సి వచ్చింది. ఇంత పెద్ద ఐటీ రాజధానిలో బడి గంట కొట్టే పని ట్రాఫిక్ పోలీసుది.

కంపెనీ మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంటుందా? తొమ్మిదో అంతస్తులో ప్రతి ఉదయం సూర్య నమస్కారాలు మొదలుపెట్టింది. పేరుకు వెల్‌నెస్. వీళ్లు వరుణుణ్ని పట్టుకుంటే వాళ్లు సూర్యుణ్ని పట్టుకున్నారు. మబ్బు పట్టిన రోజు హాజరు తప్పనిసరి.

చినుకు పడకుండానే దేశమంతటికీ వర్క్ ఫ్రమ్ హోమ్ వచ్చింది 2020 మార్చిలో. అప్పుడు పాలసీ లేదు, అప్రూవల్ లేదు. డెస్క్‌టాప్‌లను క్యాబుల్లో వేసి ఇళ్లకు పంపారు. ఆ ఏప్రిల్‌లో టీసీఎస్ అయితే, 2025 నాటికి తమ ఉద్యోగుల్లో 25 శాతానికి మించి ఆఫీసులో ఉండక్కర్లేదని దూరదృష్టితో ప్రకటించింది కూడా. 2025 దాకా ఆగనేలేదు. 2023 అక్టోబరు నుంచి ఐదు రోజులూ రమ్మంది. 2024లో హాజరును వేరియబుల్ పేకు ముడిపెట్టింది. 85 శాతం దాటితేనే మొత్తం చేతికి, 60 లోపైతే సున్నా. మన ఇంటర్ బోర్డు నయం, 75 శాతంతో సరిపెట్టుకుంటుంది.

ఆఫీసుకు రావడంలో మంచే లేదని నేననడం లేదు. మొన్న కాలేజీ వదిలిన పిల్ల పక్క సీటు సీనియర్‌ను చూసి నేర్చుకునేది జూమ్‌లో నేర్చుకోలేదు. రెండు గదుల ఇంట్లో, కుక్కర్ కూతల మధ్య, డైనింగ్ టేబుల్ మూల మీద పనిచేయడం ఏమంత సుఖమూ కాదు. కానీ పక్క సీటులో ఆ సీనియర్ ఉంటే కదా. మా ఎదురు ఫ్లాటు అమ్మాయి రోజూ మియాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ వెళ్లి కూర్చుంటుంది. ఆమె లీడ్ చెన్నైలో, టెస్టర్ పుణెలో, క్లయింటు న్యూజెర్సీలో. పొద్దస్తమానం హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాళ్లతో టీమ్స్‌లో మాట్లాడి, మళ్లీ క్యాబెక్కి వస్తుంది. పక్క సీటులో ఎవరుంటారమ్మా అని అడిగాను. "తెలీదు అంకుల్. ఆయన కూడా హెడ్‌ఫోన్లు పెట్టుకునుంటారు" అంది. మెయిల్‌లో దీని పేరు కలిసి పనిచేసే సంస్కృతి.

ఇక్కడిదాకా నవ్వుతూనే రాశాను. ఇక నవ్వు రావడం లేదు.

పోయిన నెలలో ఆ అమ్మాయి కొడుక్కి డెంగీ వచ్చింది. ఆరేళ్ల పిల్లాడు. పొద్దుటికో లెక్క, సాయంత్రానికో లెక్క ప్లేట్‌లెట్లు పడిపోతుంటే, ఒక్క వారం ఇంటి నుంచి పనిచేస్తానని అడిగింది. సెలవు కాదు, జీతంతో విశ్రాంతి కాదు. అదే పని, అదే లాప్‌టాప్, పిల్లాడి మంచం పక్కన. కుదరదన్నారు. సహకార స్ఫూర్తి దెబ్బతింటుందన్నారు. ఉన్న సెలవులు అయిపోయాక జీతం నష్టం మీద ఇంట్లో ఉంది. అదే కంపెనీ మంగళవారం, రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లున్నాయని, వేల మందిని ఒక్క మెయిల్‌తో ఇంట్లో కూర్చోబెట్టింది. ఆ రోజు రావాల్సిన రిలీజు వచ్చింది, క్లయింటు మెచ్చుకున్నాడు, స్ఫూర్తికి గీత కూడా పడలేదు. అంటే పని ఇంటి నుంచి సాగదన్నది అబద్ధం. అది వాళ్లకు ముందునుంచీ తెలుసు. రోడ్డుకు కష్టమొస్తే మినహాయింపు ఉంది, మనిషికి కష్టమొస్తే లేదు, అంతే తేడా.

అదే మంగళవారం ఆ ఖాళీ భవనానికి కాపలా కాయడానికి సెక్యూరిటీ మనిషి బోరబండ నుంచి నీళ్లలో నడిచి వచ్చాడు. ఎవరూ కూర్చోని బల్లలు తుడవడానికి హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు వచ్చారు. పోలీసుల సూచన వాళ్లకు ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. ఆలస్యమైనందుకు ఏజెన్సీ సగం రోజు కూలి కోసింది. వాన అందరి మీదా ఒకేలా పడుతుందని ఎవరన్నారో గానీ వాళ్లు ఏ కంపెనీ గేటు దగ్గరా నిలబడి ఉండరు.

బుధవారం మెయిల్ చివర్లో, మా ఉద్యోగుల క్షేమమే మాకు ప్రధానం అని ఓ వాక్యం ఉంది. అది రాసిన మహానుభావులు ఆ అమ్మాయి పెట్టుకున్న అర్జీని సిస్టమ్‌లో ఒకసారి తెరిచి చూడాలి. స్టేటస్: తిరస్కృతి. కారణం: వ్యక్తిగతం. కన్నబిడ్డ జ్వరం వ్యక్తిగతం కాక క్లయింటుదవుతుందా?