మా కారు శని జాతకం

కొత్త కారుకి నంబరొచ్చింది: 7919. పెద్దమ్మ గుడి దగ్గర టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించి, ఇక తొక్కించడమే తరువాయి అనుకుంటుండగా మా అత్తగారు నంబరు ప్లేటు ముందు ఆగిపోయారు. బొటనవేలు గణుపుల మీద పరుగెత్తింది.

"ఏడూ తొమ్మిదీ పదహారు... ఒకటి పదిహేడు... తొమ్మిది ఇరవయ్యారు. రెండూ ఆరూ ఎనిమిది. శని బాబూ, శని!"

నేను మాదాపూర్‌లో కోడు రాసుకుని బతికేవాణ్ణి, ఊరుకుంటానా? "ఇది ప్రధాన సంఖ్యండీ. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా తెగదు. 2, 3, 5 అని లెక్కపెట్టుకుంటూ వస్తే సరిగ్గా వెయ్యోది."

"ఎవరితోనూ పొసగనిదాన్ని ఏరికోరి ఇంటికి తెచ్చారా?"

ఎనిమిదంటే ఎంత బెదురో, ఈ ఊళ్లో తొమ్మిదికి అంత గిరాకీ. ఆర్టీయే వేలంలో 9999 కోసం లక్షలు కుమ్మరిస్తారు. విప్పి చూస్తే అది 9×11×101. అసలు అంకెలు కూడితే తొమ్మిదొచ్చే సంఖ్య ఏదైనా తొమ్మిదితో తెగి తీరుతుంది, ప్రధానమయ్యే యోగం దానికి లేదు. మూడూ ఆరూ వచ్చినా అంతే, ఒక్క 3 తప్ప. అంటే ఆ అంకెల అధిపతులు గురుడు, శుక్రుడు, కుజుడు ఈ వీధిలోకే రారు. 2010లో మా ఆఫీసుకి కూతవేటు దూరాన, హెచ్‌ఐసీసీ సమావేశ మందిరంలో ప్రపంచ గణితజ్ఞుల మహాసభ జరిగింది. మన దేశంలో అదే మొదటిసారి. అంతమంది మేధావులు వచ్చి వెళ్లినా ఈ ముక్క వేలంపాట దాకా పాకలేదు.

మేం తినేది మాత్రం ప్రధాన సంఖ్యల ఉప్పే. నెట్టులో రహస్యాల్ని కాపాడే ఆర్‌ఎస్‌ఏ తాళమంటే రెండు పెద్ద ప్రధాన సంఖ్యల్ని గుణించి, లబ్ధాన్ని మాత్రం బయటపెట్టడం. ఒక్కోదానికీ మూడొందల పైచిలుకు అంకెలు. గుణించడం చిటికెలో పని, విడదీయడమే ఎవరి తరమూ కాదు. వాటి అంకెలు కూడి చూసిన పాపాన ఎవడూ పోలేదు.

పరువు నిలబెట్టుకోవడానికి పెద్ద చుట్టాన్ని సాక్ష్యానికి పిలిచాను. 2024 అక్టోబరులో ల్యూక్ డ్యూరాంట్ అనే మాజీ ఎన్విడియా ఉద్యోగి 17 దేశాల్లోని గ్రాఫిక్స్ చిప్పుల్ని పురమాయించి పట్టుకున్న ప్రధాన సంఖ్య అది. 13,62,79,841 రెళ్లు వరసగా పెట్టి గుణించి, ఒకటి తీసేయాలి. మొత్తం 4,10,24,320 అంకెలు. సెకనుకొకటి చదివినా ఏడాది పైన వంద రోజులు దాటుతాయి.

అత్తగారు నోరెళ్లబెట్టలేదు. "కూడితే ఎంతొస్తుంది?" అన్నారు.

నాలుగు కోట్ల అంకెలూ కూడక్కర్లేదు. ఆరేసి రెళ్లు గుణించినా కూడిక మారదు కాబట్టి, ఆ రెళ్ల లెక్కని ఆరుతో భాగిస్తే చాలు, ఐదు మిగులుతుంది. ఐదు రెళ్లు గుణిస్తే 32, ఒకటి తీస్తే 31. పూజ రసీదు వెనకాల వేసి చూపించాను. మూడూ ఒకటీ నాలుగు.

"రాహువా!" ఆవిడ చటుక్కున కారెక్కి తలుపేసుకున్నారు. "పోనివ్వండి బాబూ. మన శనే నయం."