అన్నదానం సరే, అద్దె సంగతేంటి?

తెలుగువాడి దయకు ముహూర్తాలుంటాయి. ఆగస్టు 15, జనవరి 26, ఎమ్మెల్యేగారి పుట్టినరోజు, హీరోగారి పుట్టినరోజు, ఇంట్లో చంటిదాని మొదటి పుట్టినరోజు, తాతగారి సంవత్సరీకం. ఆ రోజుల్లో ఔటర్ రింగు రోడ్డు అవతల, కంకర క్వారీకీ కోళ్ల ఫారానికీ మధ్య ఉన్న మనోవికలాంగుల ఆశ్రమం ముందు కార్లు బారులు తీరతాయి. పొద్దున పదింటికి ఒక బ్యాచ్ కేకు కోస్తుంది. పన్నెండున్నరకు ఇంకో బ్యాచ్ బిర్యానీ దింపుతుంది. సాయంత్రం అభిమాన సంఘంవాళ్లు అరటిపళ్లు, బ్రెడ్డు, ఫ్లెక్సీ తెస్తారు. మూడింట్లో ఫ్లెక్సీయే పెద్దది. నలభై ఏళ్ల మనిషి, ఆ రోజుకి మూడోసారి నోట్లో కేకు కుక్కించుకుంటూ, "ఇటు చూడు నాన్నా, నవ్వాలి" అంటున్న పాతికేళ్ల కుర్రాడి ఫోను వైపు చూసి నవ్వుతాడు. ఆయనకు షుగరుందని ఆయా చెప్పబోతే వినే నాథుడుండడు. మర్నాడు పప్పు, చారు. గేటు దగ్గర ఒక్క చెప్పుల జత కూడా ఉండదు.

ఆ మనిషికి మనం ఇంకా ఇవ్వనిదేమిటా అని వెతికితే తాళంచెవి ఒక్కటే తేలుతుంది. ఊళ్లోనే, బస్టాపుకి దగ్గర్లో, కిరాణా కొట్టు పక్క సందులో, తనదంటూ అద్దెకున్న ఒక గది. లాభం చూసుకోని ట్రస్టు ఒకటి ఇల్లు కొనో, కట్టో, లీజుకు తీసుకునో, బుద్ధిమాంద్యమో ఆటిజమో ఉన్న పెద్దవాళ్లకు వాళ్ల తాహతుకు తగ్గ అద్దెకివ్వడం. చెప్పడానికి ఇంతే. చెయ్యబోతే పుణ్యం తక్కువ, ఫొటో అసలే రాదు. అద్దె రసీదు పక్కన నిలబడి దాత ఎంతసేపని నవ్వుతాడు? దశదానాల్లో ఉప్పు ఉంది, బెల్లం ఉంది, నువ్వులున్నాయి. అద్దె లేదు.

పెద్దలు మరిచిపోయారు సరే, కంపెనీలున్నాయి కదా అంటారా? 2013 కంపెనీల చట్టం, పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలంది. దేనికి పెట్టాలో ఏడో షెడ్యూలులో రాసింది. ఇళ్లు, హాస్టళ్లు అన్నచోట మహిళలున్నారు, అనాథలున్నారు, వయోవృద్ధులున్నారు. వికలాంగుల పేరు మాత్రం చదువు, వృత్తి నైపుణ్యం అన్న పంక్తిలో కనిపిస్తుంది. అంటే కొవ్వొత్తులు చేయడం నేర్పమంది చట్టం. వాటిని ఏ ఇంట్లో వెలిగించుకోవాలో మాత్రం చెప్పలేదు. షెడ్యూలును ఉదారంగా అర్థం చేసుకోవాలని ప్రభుత్వమే అంటుంది గానీ, ఉదారంగా అర్థం చేసుకుని ఉద్యోగం పోగొట్టుకునే అకౌంటెంటు ఎవరు? అందుకని వీల్‌చైర్లు వస్తాయి, వీపున లోగోతో. శుభ్రంగా నడవగలిగినవాళ్లక్కూడా వస్తాయి.

ట్రస్టువాళ్లు ఇవన్నీ పక్కన పెట్టి, మామూలు మనుషుల్లా టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తారు. ఆ సంభాషణ ఏ ఊళ్లోనైనా దాదాపు ఇలాగే నడుస్తుంది.

"హలో, బోర్డు చూశామండీ."

"ఆఁ, చెప్పండి. త్రీ బెడ్‌రూమ్, గ్రౌండ్ ఫ్లోరు, తూర్పు ముఖం. ఎంతమందుంటారు?"

"నలుగురండీ. చూసుకునేవాళ్లు ఇద్దరు, డ్యూటీలు మారుతూ ఉంటారు."

"బ్యాచిలర్సా?"

"అంతేనండీ."

"అయ్యబాబోయ్, తాగుడూ పార్టీలూ..."

"అలాంటివేం లేవండీ. తొమ్మిదిన్నరకల్లా పడుకుంటారు. టీవీలో పాత పాటలొస్తే చాలు."

"ఓహో, రిటైరైన వాళ్లా?"

"కాదండీ. మాది ట్రస్టు. వాళ్లకు మానసిక ఎదుగుదల కాస్త తక్కువ. అద్దె ఒకటో తారీఖుకల్లా మేమే వేసేస్తాం."

ఇక్కడ సిగ్నల్ బాగానే ఉంటుంది, ఓనరుగారికే వినపడదు.

"ఏమనుకోకండి. మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నాడు. ఇల్లు మాకే కావలసొస్తోంది."

వీసాలు ఎంత బిగిసినా, విమానాలు ఎన్ని రద్దయినా, మన ఓనర్ల కొడుకులు మాత్రం ఒక్క ఫోన్ కాల్ పుణ్యాన అమెరికా నుంచి దిగిపోతారు. బోర్డు అలాగే వేలాడుతూ ఉంటుంది. ఆ ఓనరుగారు చెడ్డాయనేం కాదు. శనివారం శనివారం గుడి దగ్గర పులిహోర పంచుతాడు.

ఇల్లు దొరికిందే అనుకుందాం, మరి అద్దె ఎక్కణ్ణుంచి? ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6000. తెలంగాణలో 2023లో 4016 చేశారు. ఆ చివరి పదహారు గమనించారా? పెళ్లి చదివింపుల సంప్రదాయాన్ని ప్రభుత్వం కూడా పాటిస్తోంది. ఈ పింఛనులో 30 శాతం అద్దెకు తీద్దాం. విజయవాడలో 1800, హైదరాబాదులో 1200 చిల్లర. పీజీ హాస్టల్లో ఆరుగురి గదిలో పై మంచం కూడా రాదు. మార్కెట్ అద్దెకూ ఈ 1200కూ మధ్య ఉన్న గోతిని ఎవరో ఒకరు పూడ్చాలి. ఆ ఎవరో ఒకరు పుట్టేదాకా డెబ్బై దాటిన తల్లిదండ్రులే పూడుస్తూ ఉంటారు. వాళ్లను కదిపితే "మా తర్వాత ఎవరు?" అంటారు. ఇంకాస్త చనువుంటే, "మాకన్నా ఒక్కరోజు ముందు వాడు పోతే బాగుణ్ణు" అంటారు. దానికి చుట్టాలందరి దగ్గరా ఒకటే జవాబు: దేవుడే చూసుకుంటాడు. చూసుకోవచ్చు. దేవాదాయ శాఖ కింద దేవుళ్లకు అద్దె దుకాణాలూ ఇళ్లూ బోలెడున్నాయి. వాటిలో ఎవరెవరు ఎంతెంత అద్దెకు తిష్ఠ వేశారన్నది వేరే పురాణం.

ఈ గోతిని పూడ్చే పద్ధతి ప్రపంచంలో లేకపోలేదు. అమెరికాలో 1990 నాటి గృహనిర్మాణ చట్టంలో 811 అని ఒక సెక్షను. లాభాపేక్ష లేని సంస్థ ఇల్లు కడతానంటే ప్రభుత్వం సొమ్మిస్తుంది. వడ్డీ లేదు. 40 ఏళ్లపాటు పేద వికలాంగులకే అద్దెకిస్తే అసలూ కట్టక్కర్లేదు. అద్దెదారు తన ఆదాయంలో 30 శాతం ఇస్తాడు, మిగతాది ప్రభుత్వం చూసుకుంటుంది. అక్కడేం స్వర్గం కాదు, ఆ ఇళ్ల కోసం ఏళ్ల తరబడి క్యూలే. కానీ మనవాళ్ల బుర్రకు ఎక్కని కిటుకు ఒకటి అందులో ఉంది. అన్నం పెట్టి, స్నానం చేయించే మనిషి వేరు, ఇంటి ఓనరు వేరు. ఆయాతో పడకపోతే ఆయాను మార్చుకోవచ్చు, గది పోదు. మన ఆశ్రమంలో గది, అన్నం, మందులు, మందలింపు అన్నీ ఒకే చేతిలో ఉంటాయి. పులుసులో ఉప్పెక్కువైందన్న మనిషి రేపు మంచం ఖాళీ చేయాల్సి రావచ్చు. అందుకే ఎవరూ ఏమీ అనరు. చూసొచ్చిన దాతలు "ఎంత ప్రశాంతంగా ఉన్నారో!" అని మురిసిపోతారు.

మనకు మాత్రం చట్టాలు తక్కువా? నేషనల్ ట్రస్టు చట్టం 1999 నాటిది. ఘరౌందా పేరుతో జీవితాంతం ఆశ్రయమిచ్చే పథకమూ ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 5వ సెక్షను, వికలాంగులకు సమాజం మధ్య బతికే హక్కుందని, ఫలానా చోటే ఉండి తీరాలని వాళ్లను నిర్బంధించకూడదని చూడాల్సిన బాధ్యత ప్రభుత్వానిదని చెబుతోంది. 37వ సెక్షను ప్రభుత్వ గృహ పథకాల్లో 5 శాతం వాటా ఇమ్మంటోంది. ఇంత చదివి ఉత్సాహంగా అద్దె అగ్రిమెంటు కాగితం తీస్తే, లాయరుగారు 1872 నాటి కాంట్రాక్టు చట్టం తీస్తారు. ఒప్పందం చేసుకునేవాడికి స్థిరచిత్తం ఉండాలి, తన మేలేదో కీడేదో తేల్చుకోగలగాలి అంటుందది. పదకొండు నెలల అగ్రిమెంటు మీద సంతకం పెట్టినవాళ్లలో ఆ పరీక్ష నెగ్గేవాళ్లెందరో నాకు అనుమానమే, పన్నెండో నెలలో పెంచే అద్దె క్లాజు ఎవరు చదివారు గనక? ఓటు దగ్గర ఈ పట్టింపు లేదు. మతిస్థిమితం లేదని కోర్టు తేల్చితే తప్ప ఓటు తీసేయడానికి వీల్లేదు. అందుకే పోలింగు రోజు ఆటో పంపి మరీ తీసుకెళ్తారు. రాష్ట్రాన్ని ఐదేళ్లు ఎవరి చేతిలో పెట్టాలో నిర్ణయించగలవాడు, రెండు గదుల పోర్షనుకి సంతకం పెట్టలేడట.

ఓనర్లు, కాలనీ సంఘాలు చెప్పే సాకులు మన సొంత సరుకని గర్వపడేవారికి ఓ చేదువార్త. ఈ కళలో మనకు గురువులున్నారు. టెక్సాస్‌లో ఫోర్ట్‌వర్త్‌కు దక్షిణాన క్లీబర్న్ అని ఊరుంది, డాలస్ తెలుగువాళ్లు పొద్దున వెళ్లి భోజనానికి తిరిగొచ్చే దూరం. 1980లో ఒకామె అక్కడ నాలుగు పడగ్గదుల ఇల్లు కొని, బుద్ధిమాంద్యమున్న 13 మంది ఉండడానికి ఒక సంస్థకు అద్దెకివ్వబోయింది. ఆ పేటలో ఆసుపత్రి పెట్టుకోవచ్చు, వృద్ధాశ్రమం పెట్టుకోవచ్చు, కాలేజీ కుర్రాళ్లు గుంపుగా ఇల్లు తీసుకోవచ్చు. వీళ్లకు మాత్రం ప్రత్యేక అనుమతి కావాలన్నారు. దాన్ని ఏటేటా తిరగరాయించుకోవాలి. 200 అడుగుల లోపు ఆస్తులున్నవాళ్ల సంతకాలు తేవాలి. చివరికి కౌన్సిలు 3-1 ఓట్లతో కాదంది. ఎందుకయ్యా అంటే, ఇరుగుపొరుగుకు ఇష్టం లేదు. ఎదురుగా బడి ఉంది, పిల్లలు వీళ్లను ఏడిపిస్తారేమో. ఆ బడిలోనే బుద్ధిమాంద్యమున్న పిల్లలు ముప్పై మంది దాకా చదువుతున్నారు, అది వేరే సంగతి. అన్నిటికన్నా ఘనమైన కారణం ఇంకొకటుంది: ఆ ఇల్లు ఐదొందల ఏళ్లకోసారి వచ్చే వరదలో మునిగే నేల మీద ఉందట! 1985లో అమెరికా సుప్రీంకోర్టు ఈ కారణాలన్నీ తీసి అవతల పారేసింది. వృద్ధాశ్రమం మునగని వరదలో వీళ్లే ఎలా మునుగుతారని అడిగినంత పని చేసింది.

మన దగ్గర ఆ వరద కోసం ఐదొందల ఏళ్లు ఆగక్కర్లేదు. చెరువు శిఖంలో అపార్టుమెంటు లేపి, దానికి 'లేక్ వ్యూ' అని పేరు పెడతాం. 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీల్లో పడవలు తిరిగాయి. అలాంటి చోట సెల్లార్లో పంపు పెట్టి నీళ్లు తోడించుకుంటూనే కమిటీ పెద్దలు, "పాపం, వాళ్లకు ఇక్కడ సేఫ్టీ ఉండదేమోనండీ" అని ట్రస్టువాళ్ల క్షేమం గురించి దిగులుపడగలరు.

ఇలాంటి సంఘాల మినిట్స్ పుస్తకం ఏది తిరగేసినా ఈ పేజీ ఒకటి తగులుతుంది. మొదటి అంశం, డీజిల్ జనరేటరు. రెండోది, వినాయక చవితి చందా తలా ఇంత. మూడోది, నిమజ్జనం నాడు ఊరి బయటి దివ్యాంగుల ఆశ్రమానికి భోజనాలు పంపాలని ఏకగ్రీవ తీర్మానం, వ్యాను ఖర్చు సంఘానిది, ఫొటోగ్రాఫర్ ఖర్చు కూడా. నాలుగోది, గ్రౌండ్ ఫ్లోరు ఖాళీ ఫ్లాటును మానసిక వికలాంగుల ట్రస్టుకు అద్దెకివ్వవచ్చా అన్న ఓనరు విన్నపం. సభ్యులందరికీ వారి మీద అపారమైన సానుభూతి ఉన్నందువల్ల, ఫ్లాట్ల రేటు పడిపోతుందన్న ఆందోళన వ్యక్తమైనందువల్ల, చర్చ లేకుండానే తిరస్కరణ. ఐదో అంశం, లిఫ్టులో పెంపుడు కుక్కలు. ఇది సున్నితమైన విషయం, ఎవరి మనసూ నొచ్చుకోకూడదు గనక రెండు గంటలు చర్చించి ముగ్గురితో సబ్‌కమిటీ వేశారు.